ఆర్థిక మంత్రులకు బహిరంగ లేఖ: పాడైన నేలను బాగుచేయడం మూలధన వ్యయమే

వివిధ దేశాల ఆర్థిక మంత్రులకు, బడ్జెట్లు తయారుచేసే అధికారులకు, అభివృద్ధి బ్యాంకుల పాలకమండళ్ల సభ్యులకు

విషయం: ప్రకృతి పునరుద్ధరణపై పెట్టే డబ్బును పెట్టుబడిగా లెక్కలకెక్కించడం గురించి

ఆర్యులారా,

మీ బడ్జెట్ పుస్తకాల్లో ఒక వింత కనిపిస్తుంది. నదిమీద వంతెన కడితే అది మూలధన వ్యయం. అదే నదిలోకి మట్టి కొట్టుకురాకుండా ఎగువ కొండవాలును గడ్డితో, పొదలతో, చెట్లతో మళ్లీ కప్పితే మాత్రం అది పర్యావరణ శాఖవారి ఏటేటి ఖర్చు. వంతెన ఆస్తుల పట్టికలోకి ఎక్కుతుంది, దానికి తరుగుదల కడతారు, మరమ్మతులకు నిధులు కేటాయిస్తారు. కొండవాలు ఏ పట్టికలోనూ ఉండదు. పన్నుల రాబడి తగ్గిన ఏడాది కత్తెర మొదట పడేది దానిమీదే, ఎందుకంటే దానికిచ్చే డబ్బు తిరిగివచ్చే డబ్బు అని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఈ వర్గీకరణ తప్పని, ఆ తప్పుకు మీ ఖజానాలే మూల్యం చెల్లిస్తున్నాయని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. నేను పర్యావరణ శాస్త్రవేత్తను కాను. జమాఖర్చులు చదవడం అలవాటున్న మామూలు పౌరుణ్ణి. అందువల్ల అడవి అందం గురించి, పక్షుల కూతల గురించి ఇందులో ఏమీ రాయడం లేదు. వాటిమీద ఇష్టం లేక కాదు. ఆ మాటలు మీకు చాలామంది ఇదివరకే చెప్పారు, మీరు మర్యాదగా విని పక్కనపెట్టారు.

మొదట న్యూయార్క్ నగరం లెక్క చూడండి. ఆ నగరానికి కావలసిన నీటిలో దాదాపు 90 శాతం క్యాట్‌స్కిల్, డెలావేర్ పరీవాహక ప్రాంతాల నుంచి వస్తుంది. నదులు, చెరువుల నుంచి తెచ్చే తాగునీటిని వడపోయాలని 1989లో అమెరికా ప్రభుత్వం నిబంధన పెట్టినప్పుడు నగరం ముందు రెండు దారులు నిలిచాయి. వడపోత కేంద్రం కట్టాలంటే 600 నుంచి 800 కోట్ల డాలర్లు, దాన్ని నడపడానికి ఏటా మరో 30 కోట్ల డాలర్లు అవుతాయని అప్పటి అంచనా. రెండో దారి, నీళ్లు మురికి కాకుండా అవి పుట్టేచోటనే చూసుకోవడం. 1997లో కుదిరిన ఒప్పందం ప్రకారం నగరం రెండో దారినే ఎంచుకుంది. ఎగువ గ్రామాల్లో పాడైన సెప్టిక్ ట్యాంకులను బాగుచేయించింది, పశువుల పేడనీరు వాగుల్లో కలవకుండా రైతులకు డబ్బిచ్చి ఏర్పాట్లు చేయించింది, అమ్మడానికి ఇష్టపడిన యజమానుల దగ్గర భూములు కొని అడవిగా వదిలేసింది. దీనికి మొదటి విడతలో అనుకున్న ఖర్చు సుమారు 150 కోట్ల డాలర్లు. ఈ కథ ఇంతవరకు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తక్కువమంది చెప్పే మిగతా సగం ఏమిటంటే, అదే నగరానికి సుమారు పదో వంతు నీళ్లిచ్చే క్రోటన్ పరీవాహక ప్రాంతం అప్పటికే ఇళ్లతో, రోడ్లతో నిండిపోయింది. అక్కడ రెండో దారి మూసుకుపోయింది. 2015లో తెరిచిన క్రోటన్ వడపోత కేంద్రానికి అయిన ఖర్చు 300 కోట్ల డాలర్లకు పైమాటే. పదో వంతు నీటికి అంత, తొమ్మిది వంతుల నీటికి ఇంత. పరీవాహక ప్రాంతం చెడిపోతే బిల్లు ఎలా ఉంటుందో, చెడిపోకుండా చూసుకుంటే ఎలా ఉంటుందో ఒకే నగరం లెక్కల్లో పక్కపక్కన కనిపించడం అరుదు.

ఇంత తేటగా కనిపించే లాభం మామూలు బడ్జెట్‌లో ఎందుకు కనిపించదన్నదే అసలు ప్రశ్న. వానకు కొట్టుకొచ్చిన మట్టితో జలాశయం పూడిపోతే ఆ పూడికతీత ఖర్చు నీటిపారుదల శాఖ పద్దులో పడుతుంది, తగ్గిన విద్యుత్తు ఇంధన శాఖ నష్టంగా తేలుతుంది, బురదనీటిని శుద్ధిచేసే ఖర్చును నగరపాలక సంస్థ భరిస్తుంది, వరద పరిహారం విపత్తుల నిధి నుంచి వెళుతుంది. వాలును బాగుచేయడానికి డబ్బు అడిగేది మాత్రం అటవీ శాఖ ఒక్కటే. ఖర్చు ఒకరి చేతిలో, ఆదా నలుగురి చేతుల్లో ఉన్నప్పుడు, ఆ నలుగురి పుస్తకాలనూ ఒకచోట పెట్టి చదివే అధికారం ఉన్న కార్యాలయం మీది ఒక్కటే. పైగా జరగని నష్టానికి రసీదు ఉండదు. రాని వరదను ఏ గుమాస్తా అయినా ఏ పద్దులో రాస్తాడు?

రసీదు ఉన్న సందర్భాలూ లేకపోలేదు. 1960 నాటికి ప్రపంచంలోని పెద్ద సరస్సుల్లో నాలుగోదిగా ఉన్న అరల్ సముద్రం, దానిలో కలిసే రెండు నదుల నీటిని పత్తి పొలాలకు మళ్లించడంతో ఎండి ముక్కలైంది. నీళ్లు దూరమై, రేవు పట్టణాల పడవలు ఇసుకలో ఒరిగి తుప్పుపట్టాయి. మిగిలిన నీటిలో ఉప్పు ఎంత పెరిగిందంటే, బయటినుంచి తెచ్చి వదిలిన ఫ్లౌండర్ తప్ప పట్టుకోవడానికి దాదాపుగా చేప లేకుండా పోయింది. ఉత్తర భాగాన్నయినా దక్కించుకోవాలని కజకిస్తాన్ ప్రపంచ బ్యాంకు సాయంతో 2005లో సుమారు 13 కిలోమీటర్ల పొడవైన కోకరాల్ ఆనకట్టను పూర్తిచేసింది, సిర్‌దర్యా నది కట్టడాలను కూడా బాగుచేసింది. మొత్తం ఖర్చు సుమారు 8.5 కోట్ల డాలర్లు. నీరు నిండటానికి ఏళ్లు పడుతుందని ఇంజినీర్లు అనుకున్నారు, ఏడాది తిరగకుండానే అనుకున్న 42 మీటర్ల మట్టానికి చేరింది. ఉప్పదనం తగ్గింది, నదిలో మిగిలిన మంచినీటి చేపలు సముద్రంలోకి తిరిగొచ్చాయి. 2006లో 1,360 టన్నులుగా ఉన్న చేపల దిగుబడి 2016 నాటికి 7,106 టన్నులైంది. దక్షిణ భాగం మాత్రం ఈనాటికీ ఉప్పు దుమ్మే. బాగుపడేది, బాగుచేసినంత మేరకే.

చైనాలోని లోయెస్ పీఠభూమి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ. గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న మెత్తటి మట్టి నేల అది. శతాబ్దాలపాటు నిట్రవాలుల మీద దున్ని, మేకలను విచ్చలవిడిగా మేపడంతో ఏటా కోతకు గురై, పసుపు నదికి ఆ రంగును, ఆ పేరును ఇచ్చింది. 1994లో మొదలై 2005 దాకా ప్రపంచ బ్యాంకు రుణంతో నడిచిన రెండు ప్రాజెక్టుల్లో జరిగిన పనులు వింటే చాలా మామూలుగా ఉంటాయి: నిట్రవాలుల మీద సాగు మానిపించడం, మేకలను కొట్టంలో కట్టి మేపించడం, తక్కిన వాలులను వెడల్పాటి మెట్ల పొలాలుగా మార్చడం, వాగులకు అడ్డంగా చిన్న కట్టలు వేయడం, బాగుచేసిన నేలమీద రైతుకు దీర్ఘకాలపు హక్కు రాసివ్వడం. ప్రాజెక్టు ప్రాంతంలో శాశ్వత పచ్చదనం 17 శాతం నుంచి 34 శాతానికి పెరిగింది. 25 లక్షల మంది పేదరికం నుంచి బయటపడ్డారని, పసుపు నదిలోకి చేరే మట్టి ఏటా 10 కోట్ల టన్నులకు పైగా తగ్గిందని బ్యాంకు తేల్చింది. ఇందులో గమనించవలసింది మరొకటి ఉంది. ఇది గ్రాంటు కాదు, రుణం. తిరిగి తీర్చగలమన్న నమ్మకంతో ఒక ప్రభుత్వం అప్పు తెచ్చి మరీ చేసిన పని. ఆ పీఠభూమిలో పచ్చదనం ఇంకా పెరిగితే అక్కడి నీరు చాలదని తర్వాతి పరిశోధనలు హెచ్చరించాయి కూడా. ఎంత నాటితే అంత లాభమని నేను అనడం లేదు. ఏ నేలకు ఏది తగునో చూసి పెట్టే డబ్బుకే లాభం.

ఎక్కువ డబ్బు కావాలనీ అనడం లేదు. పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్ దేశపు దక్షిణ ప్రాంతంలో జరిగింది చూడండి. ఎండాకాలంలో దూరం నుంచి చూస్తే అది బోడి పొలం. దగ్గరికి వెళితే, ఎప్పుడో నరికేసిన చెట్టు మోడు చుట్టూ నేలను అంటుకుని సన్నని చిగుళ్లు గుబురుగా లేచి కనిపిస్తాయి. పైన చెట్టు లేదు కానీ కింద వేరు బతికే ఉంది. ఏటా దుక్కికి ముందు రైతు వాటిని నరికి కాల్చేసేవాడు. ఇప్పుడు వాటిలో నిటారుగా ఉన్న కొన్నింటిని ఉంచి మిగతావి కోసేస్తాడు, ఉంచినవాటికి కిందిభాగంలో పక్క రెమ్మలు చెక్కేస్తాడు. పని అంతే. నర్సరీ లేదు, గుంత తవ్వడం లేదు, నీళ్లు మోయడం లేదు. మొక్కలు నాటి నాటి, అవి ఎండిపోవడం చూసి విసిగిన టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు 1980లలో ఈ మోళ్లను గమనించి రైతుల చేత ఈ పద్ధతి మొదలుపెట్టించాడు. తర్వాత అది రైతు నుంచి రైతుకు పాకి సుమారు 50 లక్షల హెక్టార్లకు చేరింది. అక్కడివారు గావో అని పిలిచే తుమ్మజాతి చెట్టు వానాకాలంలో ఆకు రాల్చుతుంది. అందువల్ల పంటమీద నీడ పడదు, రాలిన ఆకు ఎరువవుతుంది. ఎండాకాలంలో దాని కాయలు పశువులకు మేతవుతాయి. ఈ మార్పువల్ల ఏటా అదనంగా పండే తిండిగింజలు 5 లక్షల టన్నులని ఒక అంచనా.

అయితే ఆర్థిక శాఖలు ఈ కథలో చూడవలసింది చెట్టును కాదు, చట్టాన్ని. వలస పాలన నాటి అటవీ నిబంధనల ప్రకారం పొలంలోని చెట్టు కూడా ప్రభుత్వానిదే. రైతు కొమ్మ కొడితే జరిమానా. తనది కాని చెట్టును ఎవరు పెంచుతారు? అధికారులు ఆ నిబంధనను పట్టుబట్టి అమలుచేయడం మానేశాక, చెట్టు తనదేనని రైతు నమ్మాకనే మోళ్లు చెట్లయ్యాయి. ఖజానా నుంచి దాదాపు ఏమీ ఖర్చు కాని సంస్కరణ ఇది. పెట్టుబడి అంటే ప్రతిసారీ డబ్బు సంచీ విప్పడమే కానక్కరలేదు.

ఉపాధి మాటకొస్తే, అమెరికాలో పునరుద్ధరణ రంగాన్ని లెక్కగట్టిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. ఆ రంగం నేరుగా 1,26,000 మందికి పని ఇస్తోందని, ఏటా 950 కోట్ల డాలర్ల ఉత్పత్తి చేస్తోందని, పరోక్షంగా మరో 95,000 ఉద్యోగాలకు ఆధారమవుతోందని అది తేల్చింది. వాగు గట్టు సరిచేయడానికి పొక్లెయిన్ నడిపేవారు, మట్టి పరీక్షించేవారు, సర్వేయర్లు, నారు పెంచేవారు, కలుపు తీసేవారు కావాలి. ఆ పనిని దూరదేశపు ఫ్యాక్టరీకి తరలించడం కుదరదు, ఎందుకంటే పాడైన వాగు ఎక్కడుందో పని కూడా అక్కడే ఉంటుంది.

ఇక మీ నిపుణులు తప్పకుండా లేవనెత్తే అభ్యంతరానికి వస్తాను. లాభాలు వచ్చేసరికి 20, 30 ఏళ్లు పడుతుందని, ఇప్పటి విలువలో చూస్తే అవి నిలవవని వారంటారు. కూడికలు, తీసివేతల దృష్ట్యా ఆ మాట నిజమే. 30 ఏళ్ల తర్వాత చేతికొచ్చే 100 డాలర్లను ఏడాదికి 10 శాతం చొప్పున తగ్గించి చూస్తే నేటి విలువ 6 డాలర్లు కూడా కాదు. 3 శాతం చొప్పున చూస్తే 41 డాలర్లు. అంటే ఒకే మడ అడవి ఒక రేటులో దండగ, మరో రేటులో గొప్ప పెట్టుబడి. వంతెనకు, రైలు మార్గానికి వాడే రేటును చిత్తడి నేలకు యథాతథంగా వాడటంలో ఇంకో పొరపాటు కూడా ఉంది. వంతెన ఏటేటా అరుగుతుంది. బాగా నిలదొక్కుకున్న అడవి తనను తాను మరమ్మతు చేసుకుంటుంది. పైగా అడవులు, మంచినీరు, సారవంతమైన నేల ఏటేటా తగ్గుతున్నకొద్దీ వాటిలో మిగిలిన ప్రతి ఎకరం విలువా పెరుగుతుంది. అలా కొరత పెరిగే వస్తువు రేపటి విలువను నేటికన్నా తక్కువ చేసి చూపే లెక్క ఏ వ్యాపారీ తన సరుకు విషయంలో ఒప్పుకోడు. బ్రిటన్ ఆర్థిక శాఖ కోసం ఆర్థికవేత్త పార్థ దాస్‌గుప్తా 2021లో సమర్పించిన సమీక్ష ప్రకారం 1992, 2014 మధ్య రోడ్లు, భవనాలు, యంత్రాల వంటి మనిషి తయారుచేసిన మూలధనం తలసరిన రెట్టింపైతే, తలసరి ప్రకృతి మూలధనం దాదాపు 40 శాతం తగ్గింది. ఒక కంపెనీ ఇలాంటి ఆస్తి అప్పుల పట్టీని చూపి లాభాలు ప్రకటిస్తే ఆడిటర్లు సంతకం పెడతారా?

నా వాదనకు అనుకూలంగా ఉండే పెద్ద అంకెలను నేను అంతగా వాడుకోలేదని గమనించే ఉంటారు. పెట్టిన ప్రతి డాలరుకు 30 డాలర్ల దాకా ప్రయోజనం ఉంటుందని ఐక్యరాజ్యసమితి పత్రాలు చెబుతున్నాయి. యూరోపియన్ కమిషన్ తన పునరుద్ధరణ చట్టాన్ని ప్రతిపాదిస్తూ ఒక యూరోకు 8 నుంచి 38 యూరోల ప్రతిఫలం ఉంటుందని లెక్క చూపింది. ఇవి అబద్ధాలు కావు. కానీ 8కీ 38కీ మధ్య ఉన్న దూరమే చెబుతోంది, సగటు చూసి సంతకం చేయకూడదని. ఎక్కడ, ఏ నేలను, ఎవరితో కలిసి బాగుచేస్తున్నామన్నదాన్ని బట్టే రాబడి.

తప్పుడు చోట పెడితే ఎలా ఉంటుందో రెండు మడ అడవులు చెబుతాయి. వియత్నాం ఉత్తర తీరంలో రెడ్‌క్రాస్ 1994 నుంచి ప్రజలతో కలిసి మడ మొక్కలు నాటించింది. సుమారు 12,000 హెక్టార్లను నాటి కాపాడటానికి అయిన 11 లక్షల డాలర్ల ఖర్చు, వెనకున్న కరకట్టల మరమ్మతుల్లో ఏటా 73 లక్షల డాలర్లను ఆదా చేసిందని ఆ సంస్థ లెక్కతేల్చింది. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాలపాటు అంతకన్నా ఎక్కువ ఖర్చుతో నాటిన మడ మొక్కల్లో దీర్ఘకాలంలో బతికినవి 10 నుంచి 20 శాతమేనని అక్కడి శాస్త్రవేత్తలే రాశారు. కారణం విత్తనంలో లేదు, చవక నాటుపనిలోనూ లేదు. మడ సహజంగా పెరిగే ఎగువ తీరమంతా చేపల చెరువుల కింద పోయింది. వాటి యజమానులతో తగువు పెట్టుకోవడం కష్టం. అందుకని ఎవరిదీ కాని దిగువ బురద మేటల మీద, ఎక్కువసేపు నీళ్లలో మునిగి ఉండేచోట నాటారు. లక్ష్యంగా పెట్టుకున్నది నాటిన మొక్కల సంఖ్య కాబట్టి లక్ష్యం నెరవేరింది, అడవి రాలేదు. మీరిచ్చే నిధులు నాటిన రోజు కాకుండా, మూడో ఏట, ఐదో ఏట బతికినవాటిని చూసి విడుదలైతే ఈ పని చేసేవారి లెక్క తనంతట తానే మారుతుంది.

పాడుచేసి బాగుచేయడం కన్నా పాడుచేయకపోవడమే చవక అన్న సంగతి కూడా ఇక్కడే రాయాలి. అమెరికాలోని ఫ్లోరిడాలో 166 కిలోమీటర్ల మేర వంకలు తిరుగుతూ పారే కిస్సిమ్మీ నదిని 1962, 1971 మధ్య సుమారు 90 కిలోమీటర్ల తిన్నని కాలువగా మార్చారు. చిత్తడి నేలలు ఎండిపోయి, నీటిపక్షులు, చేపలు తగ్గిపోయాక కాలువలో కొంతభాగాన్ని పూడ్చి వంకలను తిరిగి తెప్పించే పని 1999లో మొదలై 2021లో పూర్తయింది. తిరిగి వచ్చినది సుమారు 70 కిలోమీటర్ల నది, ఖర్చు దాదాపు 100 కోట్ల డాలర్లు. ఇంతకుముందు అదే ప్రభుత్వం అదే నదిమీద ఖర్చుపెట్టి చేసిన పనిని ఇప్పుడు ఖర్చుపెట్టి చెరిపేసింది. ఈనాటికీ ప్రపంచమంతటా ఇదే తంతు నడుస్తోంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2023లో వేసిన లెక్క ప్రకారం ప్రకృతికి నేరుగా హానిచేసే పనుల్లోకి ప్రభుత్వాల, ప్రైవేటు సంస్థల డబ్బు ఏటా దాదాపు 7 లక్షల కోట్ల డాలర్లు పారుతుంటే, ప్రకృతి ఆధారిత పరిష్కారాలకు దక్కేది 20,000 కోట్ల డాలర్లే. హానికరమైన సబ్సిడీలను 2030 నాటికి ఏటా కనీసం 50,000 కోట్ల డాలర్ల మేర తగ్గిస్తామని 2022లో మాంట్రియల్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సులో మీ దేశాలే ఒప్పుకున్నాయి. క్షీణించిన ప్రాంతాల్లో కనీసం 30 శాతంలో పునరుద్ధరణ సాగేలా చూస్తామనీ అక్కడే ఒప్పుకున్నాయి. ఈ రెండింటినీ కలిపి అమలుచేస్తే కొత్త పన్ను అవసరం అంతగా రాదు.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. పాడైన పరీవాహక ప్రాంతాలు, తీరాలు, చిత్తడి నేలలు బాగుచేయడానికి పెట్టే డబ్బును మూలధన పద్దు కిందకు మార్చండి. దానితోపాటు కనీసం పదేళ్ల నిర్వహణ ఖర్చును మొదటిరోజే మంజూరు చేయండి, ఎందుకంటే నాటాక వదిలేసిన పని సగం కట్టిన వంతెన లాంటిది. ఆవరణ వ్యవస్థలను జాతీయ లెక్కల్లో ఎలా చూపాలో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2021 మార్చిలోనే ప్రమాణాలు ఆమోదించింది, పద్ధతి లేదన్న మాట ఇక చెల్లదు. ఎగువన నేలను కాపాడేవారికి దిగువన లాభపడేవారి నుంచి చెల్లింపు చేరే దారి వేయండి. కోస్టారికా 1997 నుంచి ఇంధన పన్నులో కొంతభాగాన్ని అడవిని నిలుపుకున్న భూయజమానులకు అలాగే ఇస్తోంది.

ఇవన్నీ ఒక్కసారిగా కుదరకపోవచ్చు. వచ్చే బడ్జెట్‌తోపాటు ఒకే ఒక్క పేజీ అనుబంధంగా జతచేయండి. ఎడమవైపు, ఒక నదీ పరీవాహక ప్రాంతానికి సంబంధించి గత ఐదేళ్లలో నీటి శుద్ధికి, జలాశయాల పూడికతీతకు, కరకట్టల మరమ్మతులకు, వరద పరిహారానికి అన్ని శాఖలూ కలిసి పెట్టిన మొత్తం. కుడివైపు, ఆ నీరు పుట్టే నేలమీద అదే ఐదేళ్లలో పెట్టిన మొత్తం. నది ఏదో మీరే ఎంచుకోండి.

ఇట్లు,
ప్రభుత్వ లెక్కల పుస్తకాలు చదివే ఒక పౌరుడు